ముదిమిలో కండబలం: కసరత్తు ముందు, ప్రొటీన్ వెంట

మనిషి ఒంట్లోని కండ ముప్పయ్యేళ్లు దాటిన తరువాత మెల్లగా తరగడం మొదలవుతుంది. పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా ఉంటుందని అంచనా వేసిన ఈ తరుగుదల అరవై దాటాక వేగం అందుకుంటుంది. పైగా కండ కంటే ఆ కండలోని బలం మరింత త్వరగా తగ్గిపోతుంది. తరిగిన కండ చోట కొవ్వు చేరుతూ ఉండడం వల్ల త్రాసు మీద బరువు పెద్దగా మారదు, తొడుక్కునే బట్టలు వదులు కావు, అందుచేత లోపల జరుగుతున్న నష్టం ఇంట్లోవాళ్ల కంట పడదు. కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించవలసి వచ్చినప్పుడో, బస్సు మెట్టు ఎక్కడానికి పక్కవాళ్లు చెయ్యి అందించవలసి వచ్చినప్పుడో, స్నానాల గదిలో కాలు జారి తుంటి ఎముక విరిగినప్పుడో గాని అసలు సంగతి బయటపడదు. అప్పుడు కూడా “వయసైపోయింది కదా” అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం మన ఇళ్లలో అలవాటుగా వస్తున్నది.

వైద్యశాస్త్రం ఆ మాటతో సరిపెట్టుకోలేదు. వయసుతోపాటు కండ, కండబలం క్షీణించే ఈ స్థితికి అమెరికా పోషకాహార శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టగా, 2016లో ఆ దేశపు వ్యాధుల సంకేత పట్టికలో దానికి విడిగా ఒక సంఖ్య కేటాయించారు. పేరు పెట్టి, కొలిచి, పరీక్షించి చూసిన కొద్దీ తేలినదేమిటంటే, ముసలితనపు బలహీనతలో చాలా భాగం తప్పించుకోదగినదే, కొంత భాగం తిరిగి సంపాదించుకోదగినదే. అందుకు కావలసిన మందు ఏ దుకాణంలోనూ దొరకదు. బరువుకు ఎదురు నిలిచి చేసే కసరత్తు, దానికి తోడుగా ప్రతి పూటా చాలినంత ప్రొటీన్, అంటే మాంసకృత్తులు ఉన్న భోజనం, ఈ రెండే దానికి విరుగుడు. ఈ రెంటిలో మొదటిది లేకుండా రెండవదానివల్ల ఒరిగేది స్వల్పం.

కష్టం ఆగిన రోజు నుంచి

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి సొంత జిల్లాగా ఏర్పడిన అనకాపల్లికి పేరు తెచ్చినది బెల్లం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఈ పట్టణంలో ఉన్నది. చెరకు మీద పరిశోధన కోసం 1913లో మొదలైన వ్యవసాయ పరిశోధన కేంద్రం కూడా ఇక్కడే ఉన్నది. ఈ బెల్లం వెనుక ఉన్నదంతా కండల కష్టమే. చెరకు నరికి మోపులు కట్టి మోసేవాళ్లు, పొయ్యి సెగ ముందు నిలబడి పాకం కలియబెట్టేవాళ్లు, మార్కెట్ యార్డులో బెల్లం దిమ్మలను దించి ఎత్తే కళాసీలు, కసరత్తు అన్న మాట ఎత్తకుండానే దశాబ్దాల తరబడి బరువులతో సాధన చేసినవారు. పుడిమడక తీరంలో వలలు లాగే మత్స్యకారులకూ, నాట్లు వేసి కలుపు తీసే స్త్రీలకూ ఇదే వర్తిస్తుంది.

అయితే కండ పాత కష్టాన్ని ఎక్కువ కాలం గుర్తుపెట్టుకోదు. జీవితమంతా శ్రమించినవారికి అరవయ్యో ఏట ఇతరుల కంటే కొంత ఎక్కువ నిల్వ ఉండవచ్చు గాని, మోకాళ్ల నొప్పులవల్లనో, పిల్లలు వద్దన్నందువల్లనో పని మానేసి మంచానికీ టీవీకీ పరిమితమైన రోజు నుంచి ఆ నిల్వ కరిగిపోవడం మొదలవుతుంది. ఆ కరుగుదల ఎంత వేగంగా ఉండగలదో 2007లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చూపించింది. ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది వృద్ధులను పది రోజులపాటు పడక మీదనే ఉంచి చూడగా, వారి కాళ్లలోనే దాదాపు ఒక కిలో కండ తరిగిపోయింది. జ్వరంతోనో శస్త్రచికిత్సతోనో ఆసుపత్రిలో వారం పది రోజులు గడిపి ఇంటికి వచ్చిన పెద్దవారు మునుపటిలా లేచి తిరగలేకపోవడానికి కారణం జబ్బు ఒక్కటే కాదనీ, ఆ పడక కూడా అందులో పాలు పంచుకుంటుందనీ దీనివల్ల అర్థమవుతుంది. “కష్టపడింది చాలు, ఇక కాలు కదపకుండా కూర్చో” అని ప్రేమతో చెప్పే మాట వెనుక ఉన్న ప్రమాదం కూడా ఇదే.

ఒంటి లోపల జరిగేది

కండరం సన్నని తంతువుల కట్ట. ఆ తంతువులు ముఖ్యంగా రెండు రకాలు. నిలబడడం, నెమ్మదిగా నడవడం వంటి నిదానమైన పనులకు అలుపులేకుండా సాగేవి ఒక రకం. కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవడానికీ, కుర్చీలోంచి ఒక్క ఊపున లేవడానికీ, బరువు ఎత్తడానికీ క్షణంలో బలం చూపేవి రెండవ రకం. వయసు దెబ్బ ఎక్కువగా తగిలేది ఈ రెండవ రకానికే. వీటిని నడిపే నాడీకణాలు వెన్నుపాములో ఒక్కొక్కటిగా నశిస్తున్నప్పుడు, దిక్కులేకుండా మిగిలిన తంతువులలో కొన్నింటిని పక్కనున్న నిదానపు నాడులు చేరదీస్తాయి, మిగిలినవి ఎండిపోతాయి. రోజూ చదునైన రోడ్డు మీద నడిచే పెద్దవారు కూడా తూలినప్పుడు పడిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రెండవ మార్పు తిండికి సంబంధించినది. కండలోని ప్రొటీన్ నిత్యం విరుగుతూ, మళ్లీ కొత్తగా తయారవుతూ ఉంటుంది. భోజనం తరువాత రక్తంలోకి చేరే అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్ జీర్ణమైనప్పుడు వచ్చే మూలకణికలు, ముఖ్యంగా వాటిలో ఒకటైన లూసిన్, ఈ తయారీని పురికొల్పుతాయి. యువకుడి కండ కొద్దిపాటి ప్రొటీన్‌కే స్పందిస్తుంది. డెబ్బయ్యేళ్ల వ్యక్తి కండ అదే మోతాదుకు మందకొడిగా ఉండిపోతుంది, దానిని కదిలించాలంటే ఒక్కో పూట 25 గ్రాముల వరకూ ప్రొటీన్ అవసరమవుతుంది. వయసు పెరిగినకొద్దీ ఆకలి తగ్గి, పళ్లు ఊడి, భోజనం చిక్కిపోయే రోజుల్లోనే శరీరం ఎక్కువ ప్రొటీన్ కోరడం ఈ సమస్యలోని అసలు చిక్కు. అయితే ఈ మందకొడితనానికి పెద్ద కారణం కదలిక లేకపోవడమే కాబట్టి, కసరత్తు చేసిన కండ ఆ తరువాత ఒకటి రెండు రోజులదాకా ప్రొటీన్‌ను ఎక్కువ చురుకుగా అందుకుంటుంది. కసరత్తునూ ప్రొటీన్‌నూ కలిపి చెప్పడం ఇందువల్లనే.

కండ తగ్గితే నష్టం కాళ్లతో ఆగదు. అన్నం తిన్న తరువాత రక్తంలో పెరిగే గ్లూకోజ్‌లో అధిక భాగాన్ని పీల్చుకునేది కండరాలే కనుక, అవి చిక్కినవారిలో మధుమేహం అదుపు తప్పుతుంది. మధుమేహం ముదిరితే కండ ఇంకా త్వరగా కరుగుతుంది. సన్నగా కనిపిస్తూనే పొట్టలో కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండే శరీరాకృతి భారతీయులలో సాధారణం కనుక, ఈ విషవలయం మనకు మరింత దగ్గర.

అరుగు మీద చేయదగిన పరీక్ష

ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో సవరించిన ప్రమాణాల ప్రకారం, పిడికిలి పట్టును కొలిచే పరికరంలో పురుషులకు 28 కిలోల కంటే, స్త్రీలకు 18 కిలోల కంటే తక్కువ చూపితే కండబలం తగ్గినట్టు లెక్క. పరికరం లేని ఇంట్లో చేయదగిన పరీక్షలు కూడా అదే పత్రంలో ఉన్నాయి. వాటిలో అన్నింటికంటే తేలికైనది కుర్చీ పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీని జారకుండా గోడకు ఆనించి, పెద్దవారిని అందులో కూర్చోబెట్టి, రెండు చేతులనూ గుండెల మీద కట్టుకోమని, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోమని చెప్పాలి. పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడి గడియారం చూడాలి. 12 సెకన్లు, అంతకు మించి పట్టినా, మధ్యలో చేతులు ఆనించవలసి వచ్చినా కాళ్లలో బలం తగ్గిందని గ్రహించవచ్చు. రెండవది కొలటేపుతో పిక్క చుట్టుకొలత చూడడం: పురుషులకు 34, స్త్రీలకు 33 సెంటీమీటర్ల కంటే తక్కువైతే అనుమానించాలి. మూడవది నడక: ఆరు మీటర్ల దూరాన్ని మామూలు వేగంతో దాటడానికి ఆరు సెకన్ల కంటే ఎక్కువ పడితే అది మందగించిన నడక.

ఈ కొలతలు పరదేశపు సంగతులుగా మిగిలిపోలేదు. 2017–18లో 45 ఏళ్లు దాటిన 72,000 మందికి పైగా భారతీయులతో జరిపిన జాతీయ వార్ధక్య అధ్యయనం తొలి దశలో పిడికిలి పట్టును, నడక వేగాన్ని ఇంటింటికీ వెళ్లి కొలిచారు. గ్రామాలలో ఆశా కార్యకర్తలు నింపే ఆరోగ్య పత్రంలో కూడా అరవై దాటినవారిని, నిలబడేటప్పుడూ నడిచేటప్పుడూ తూలుతున్నారా, రోజువారీ పనులకు ఇతరుల సాయం కావలసి వస్తున్నదా అని అడిగే ప్రశ్నలు ఉన్నాయి. అవునని జవాబు వచ్చినచోట తరువాత ఏం చేయాలన్నది అందరికీ తెలియవలసిన విషయం.

తొంభై ఏళ్ల కాళ్లు నేర్పిన పాఠం

1990 దాకా వైద్యులలో కూడా చాలామంది ముసలివారికి బరువుల కసరత్తు హానికరమని భావించేవారు. ఆ ఏడాది మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణాలయంలో సగటున తొంభై ఏళ్ల వయసున్న పది మందిని ఎంచుకుని, ఎనిమిది వారాలపాటు తొడ కండరాలతో బరువు ఎత్తే సాధన చేయించారు. సాధన పూర్తి చేసినవారి కాళ్ల బలం సగటున 174 శాతం, తొడ మధ్యభాగంలో కండ విస్తీర్ణం 9 శాతం పెరిగాయి. తొంభై ఏట కూడా కండ కొత్తగా పెరగగలదని అంతకుముందు ఎవరూ ఇంత స్పష్టంగా చూపలేదు.

అదే బృందం 1994లో ప్రకటించిన రెండవ పరిశోధన ఇప్పటి చర్చకు ఇంకా ముఖ్యమైనది. సగటున 87 ఏళ్ల వయసున్న వంద మంది బలహీనులను నాలుగు గుంపులు చేసి, ఒక గుంపుకు కసరత్తు మాత్రమే, ఒక గుంపుకు రోజూ 360 కేలరీల పోషక పానీయం మాత్రమే, ఒక గుంపుకు రెండూ ఇచ్చి, నాలుగవ గుంపును పోలిక కోసం ఉంచారు. పది వారాల తరువాత చూస్తే, కసరత్తు చేసినవారి కండబలం 113 శాతం పెరిగింది, నడక వేగం దాదాపు 12 శాతం, మెట్లెక్కే సత్తువ 28 శాతం హెచ్చాయి. చేయనివారి బలం 3 శాతం దగ్గరే ఆగిపోయింది. పానీయం మాత్రమే తాగినవారి బలహీనత తగ్గలేదు. కదలని ఒంటికి ప్రొటీన్ పోయడం పైరు వేయని పొలానికి ఎరువు చల్లడం వంటిదని ఆ నాలుగు గుంపుల లెక్క ముప్పయ్యేళ్ల కిందటనే తేల్చింది.

తరువాతి పరిశోధనలు ఈ చిత్రానికి మెరుగులు దిద్దాయి. 49 ప్రయోగాలలో పాల్గొన్న 1,863 మంది వివరాలను 2018లో ఒక్కచోట చేర్చి చూసినప్పుడు, కసరత్తుకు తోడు అదనపు ప్రొటీన్ తీసుకుంటే బలమూ కండా మరికొంత పెరుగుతాయనీ, అయితే ఆ అదనం కసరత్తువల్ల కలిగే లాభం ముందు చిన్నదేననీ, మొత్తం ప్రొటీన్ రోజుకు కిలో శరీర బరువుకు 1.6 గ్రాములు దాటితే కండ పెరుగుదలకు మరేమీ కలిసిరాదనీ తేలింది. 2022లో వెలువడిన ఐరోపా పరిశోధనలో డెబ్బై దాటిన 1,519 మందిలో ఒక సగానికి నడక, బలం, నిలకడ మూడింటికీ సంబంధించిన కసరత్తులు నేర్పి, తిండి విషయంలో సలహాలు ఇచ్చారు. వారిలో ఎక్కువ బలహీనంగా ఉన్నవారిని చూస్తే, మూడేళ్ల లోపు 400 మీటర్లు నడవలేని స్థితికి చేరినవారు ఆ సగంలో 47 శాతం కాగా, రెండవ సగంలో 53 శాతం. అప్పటికే బలహీనపడినవారిలో ఈ తేడా రావడం విశేషం.

నడక మంచిదే, అది చాలదు

వైద్యుడు వ్యాయామం చేయమంటే మనవాళ్లు నడక మొదలుపెడతారు. గుండెకూ మధుమేహానికీ నడక ఎంతో మేలు చేస్తుంది, దానిని మానవలసిన పని లేదు. కాని చురుకైన బలాన్నిచ్చే రెండవ రకం తంతువులు నడకలో దాదాపు పనిచేయవు. వాటిని మేల్కొలపాలంటే కండ ఓర్చుకోగల హద్దుకు దగ్గరగా బరువు మీద పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతోపాటు కనీసం రెండు రోజులు కండబలం పెంచే కసరత్తు, మూడు రోజులు నిలకడ పెంచే సాధన చేయాలి.

ఉత్తరాంధ్రకు ఈ విద్య కొత్తది కాదు. కలియుగ భీముడిగా పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన మల్లయోధుడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి పతకం గెలిచిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. పండుగలకూ జాతరలకూ సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు ఈ ప్రాంతపు పల్లెల్లో ఉన్నవే. తేలిక రాయితో మొదలుపెట్టి, అది అలవాటైన తరువాతనే బరువైన రాయి అందుకునే ఆ పద్ధతినే నేటి శాస్త్రం కండబల సాధనకు మూలసూత్రంగా చెబుతున్నది. మారవలసినదల్లా ఈ సాధన కుర్రవాళ్లదేనన్న భావన.

ఇంట్లో దీనిని మొదలుపెట్టడానికి కుర్చీ, గోడ, నీళ్ల సీసా చాలు. మొదటిది కుర్చీలోంచి లేచి కూర్చోవడం. చేతులు ఆనించి లేచేవారు ఆనించే చేతుల సాయాన్ని రోజురోజుకూ తగ్గించుకుంటూ పోవాలి, చేతులు లేకుండా లేవగలిగినవారు కూర్చునేటప్పుడు ధబాలున పడకుండా మూడు అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా దిగాలి, అదీ తేలికైన తరువాత కుర్చీకి బదులు కొంచెం ఎత్తు తక్కువైన ఆసనం ఎంచుకోవాలి. రెండవది కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. ఇది పిక్కలకు బలం. మూడవది గోడకు మూరెడు దూరాన నిలబడి, రెండు అరచేతులూ గోడకు ఆనించి, మోచేతులు వంచుతూ ముందుకు వాలి మళ్లీ నెట్టుకోవడం. ఇది ఛాతీకీ భుజాలకూ బలం. నాలుగవది చేతుల్లో నీళ్ల సీసాలు పట్టుకుని మోచేయి మడిచి ఎత్తడం. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి ఎంత ఎత్తుతున్నదీ లెక్క తెలుస్తుంది. ఐదవది గోడ పక్కన ఒక పాదం ముందు మరొక పాదం ఆనించి నిలబడడం, ఇది నిలకడకు.

ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు చేసి, కాసేపు ఆగి, మళ్లీ అంతే చేయాలి. వారానికి రెండు మూడు రోజులు, నడుమ ఒక రోజు విశ్రాంతితో సాగించాలి. చివరి రెండుసార్లూ కష్టంగా అనిపించాలి. అనిపించకపోతే బరువు చాలలేదని అర్థం, అప్పుడు పెంచాలి. ఊపిరి బిగబట్టకూడదు, లేచేటప్పుడు వదలాలి. మరుసటి రోజు కండలో కొద్దిపాటి సలుపు సహజమే గాని, కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే ఆపాలి. మోకాళ్లు అరిగినవారు భయపడి కసరత్తు మానేస్తుంటారు; నిజానికి తొడ ముందు భాగపు కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గి నొప్పి ఉపశమిస్తుంది. గుండెనొప్పి ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, ఇటీవల ఎముక విరిగినవారు, శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని సలహాతోనే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో చేయకూడదు.

పళ్లెంలో ప్రొటీన్ లెక్క

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న ప్రయోగశాల నుంచి పెరిగి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చినది. ఆ సంస్థ 2020 నాటి ప్రమాణాల ప్రకారం పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్, అంటే 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు కావాలి. వృద్ధుల కండను దృష్టిలో పెట్టుకుని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇంతకంటే కాస్త ఎక్కువగా, ఆరోగ్యంగా ఉన్న 65 దాటినవారికి కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు, జబ్బుపడి కోలుకుంటున్నవారికి 1.2 నుంచి 1.5 గ్రాములు సూచించింది. మూత్రపిండాలు బాగా దెబ్బతిని డయాలసిస్ మొదలుకానివారికి మాత్రం ఇది వర్తించదు. వారు వైద్యుడు చెప్పిన హద్దులోనే ఉండాలి. దీర్ఘకాలంగా మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ప్రొటీన్ పెంచే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

యాభై కిలోల బరువున్న ఒక మామ్మగారి మామూలు రోజును లెక్క కట్టి చూస్తే లోటు ఎక్కడున్నదో తెలుస్తుంది. ఉదయం మూడు ఇడ్లీలు, చట్నీ కలిపి 8 గ్రాములు. రెండు పూటల టీలోని పాలు 3 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, పలుచని పప్పుచారు, కూర, మజ్జిగ కలిపి 17 గ్రాములు. రాత్రి చారన్నం, మజ్జిగన్నం 10 గ్రాములు. మొత్తం నలభై దాటదు, కావలసినది యాభై నుంచి అరవై. అందులోనూ సగం బియ్యం నుంచి వచ్చినది. బియ్యపు ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో ఆ లైసిన్ పుష్కలంగా ఉన్నది కాబట్టి అన్నంలో పప్పు కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది, కాని చారులో తేలే నాలుగు పప్పు బద్దలతో ఆ లోటు పూడదు.

అదే పళ్లెంలో చిన్న మార్పులు చేస్తే లెక్క మారుతుంది. ఉదయం యాభై గ్రాముల పెసలతో పోసిన రెండు పెసరట్లు 12 గ్రాములు, ఉడికించిన గుడ్డు 6, గ్లాసెడు పాలు 5. మధ్యాహ్నం నలభై గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు 9, అన్నం 8, కప్పు పెరుగు 5. సాయంత్రం గుప్పెడు శనగ గుగ్గిళ్లు 6. రాత్రి కొద్దిగా అన్నం, గుడ్డు కూర లేక చిన్న చేప ముక్క, పెరుగు కలిపి 14 గ్రాములు. మొత్తం అరవై దాటుతుంది, ముఖ్యంగా మొదటి రెండు పూటలా ఇరవై దాటుతుంది. రాత్రి ఒక్క పూట కోడికూరతో రోజంతటి లోటు తీర్చుకోవడం కంటే ఇలా పూటపూటకూ పంచుకోవడం వృద్ధుల కండకు ఎక్కువ ఉపయోగమని నిపుణుల అభిప్రాయం.

అనకాపల్లి జిల్లాకు ప్రొటీన్ దూరాన లేదు. పుడిమడక, రేవుపోలవరం తీరాలలో దొరికే కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు ఖరీదైన చేపలు కావు, వాటిలో వంద గ్రాములకు దాదాపు 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఎండు చేపలో అది ఇంకా చిక్కగా ఉన్నా ఉప్పు కూడా అంతే చిక్కగా ఉంటుంది కాబట్టి రక్తపోటు ఉన్నవారు దానిని మితంగా తినాలి. శాకాహారులకు ఉలవలు, మినుములు, బొబ్బర్లు, వేరుశనగలు వంద గ్రాములకు 20 గ్రాములకు పైగా ఇస్తాయి. మీల్ మేకర్‌గా పిలిచే సోయా ముక్కల్లో ఎండుగా ఉన్నప్పుడు బరువులో సగం ప్రొటీనే. ఎలమంచిలి పరిశోధన కేంద్రం మేలు రకాలు రూపొందించిన నువ్వుల్లో పప్పుల్లో కొరవడే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం బాగా ఉంటుంది కనుక పప్పుకు నువ్వుల పొడి మంచి తోడు. పళ్లు లేనివారికి పెసరపప్పు కట్టు, మెత్తగా ఉడికిన గుడ్డు, మినప జావ, పెరుగు నమలనక్కరలేని ప్రొటీన్. ఇక అనకాపల్లి బెల్లం తక్షణ శక్తినిచ్చేదే గాని, అందులో ప్రొటీన్ దాదాపు శూన్యం. సున్నుండలోనో వేరుశనగ ఉండలోనో మినుము, పల్లీలతో కలిసినప్పుడు మాత్రమే అది కండకు పనికివచ్చే తిండి అవుతుంది, మధుమేహం ఉన్నవారికి ఆ రూపంలో కూడా హద్దు ఉండాలి.

డబ్బాలోని పొడి ఎవరికి

మందుల దుకాణాలలో వరుసగా పేర్చిన ప్రొటీన్ డబ్బాలు వృద్ధుల పిల్లలను బాగా ఆకర్షిస్తున్నాయి. దూరాన ఉద్యోగం చేసే కొడుకూ కూతురూ తల్లిదండ్రుల మీద ప్రేమతో పంపగలిగిన వస్తువు అది. పాల నుంచి తీసిన వే ప్రొటీన్ త్వరగా జీర్ణమై, లూసిన్ సమృద్ధిగా అందించే మాట నిజమే. ఆసుపత్రి నుంచి వచ్చి ముద్ద దిగనివారికి, బరువు వేగంగా తగ్గిపోతున్నవారికి, తుంటి శస్త్రచికిత్స తరువాత కోలుకుంటున్నవారికి వైద్యుడో ఆహార నిపుణుడో సూచిస్తే అది మేలు చేస్తుంది. మామూలుగా భోజనం చేయగలిగినవారికి గుడ్డు, పప్పు, పెరుగు చేయలేనిదీ, అది మాత్రమే చేయగలిగినదీ ఏదీ లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, ఈ పొడుల్లో చేర్చే చక్కెరలు, కృత్రిమ తీపి, రుచి పదార్థాల దృష్ట్యా వీటిని నిత్యం వాడడం తగదని చెప్పాయి. అదే ఏడాది కేరళ వైద్యులు మన మార్కెట్లోని 36 రకాల పొడులను పరీక్షించగా, దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ వివరాలు సరిగా లేవని తేలింది. కొనక తప్పనివారు డబ్బా ముందున్న బొమ్మను వదిలి వెనుకనున్న పట్టికలో ఒక్క మోతాదుకు ఎన్ని గ్రాముల ప్రొటీన్, ఎన్ని గ్రాముల చక్కెర ఉన్నదీ చదవాలి. ఆరోగ్య పానీయాలుగా అమ్ముడయ్యే కొన్నింటిలో రెండవ అంకె మొదటిదానిని మించి ఉంటుంది.

ఇల్లూ ఊరూ చేయవలసిన పని

చిన్నతనంలో పోషణ సరిగా లేనివారికి ఇప్పుడు చేసి ప్రయోజనం లేదన్న నిరాశ కూడా నిజం కాదు. హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలలో 1987–90 మధ్య కొన్ని ఊళ్ల గర్భిణులకూ పసివాళ్లకూ అదనపు ఆహారం అందగా, కొన్ని ఊళ్లకు అందలేదు. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ పిల్లలు యుక్తవయసుకు వచ్చిన తరువాత మళ్లీ కొలిచి చూసినప్పుడు, రెండు రకాల ఊళ్ల మధ్య కండలోనూ పిడికిలి పట్టులోనూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు, ప్రస్తుతం తింటున్న తిండికీ చేస్తున్న శ్రమకూ మాత్రం కండతో సంబంధం కనిపించింది. బాల్యపు పోషణ విలువను ఇది తగ్గించదు. కండ ఏ వయసులోనైనా ఇవాళ్టి పళ్లేనికీ ఇవాళ్టి పనికీ బదులు చెబుతుందని మాత్రం గుర్తుచేస్తుంది.

ప్రతి నెలా ఒకటో తేదీన నాలుగు వేల రూపాయల వృద్ధాప్య పింఛను అందించడానికి సచివాలయ సిబ్బంది పెద్దవారి గుమ్మం దాకా వెళుతున్నారు. అలా వెళ్లినప్పుడు ఏడాదికి ఒకసారి ఐదుసార్లు కుర్చీలోంచి లేపి చూడడానికి నిమిషం చాలు. రక్తపోటు, మధుమేహం కొలిచే గ్రామ ఆరోగ్య కేంద్రంలో పిడికిలి పట్టు కొలిచే పరికరం ఒకటి ఉంచితే, బలం తగ్గుతున్నవారిని పడిపోక ముందే గుర్తించవచ్చు. తూలుతున్నవారిని ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపే ఏర్పాటు, ఊరి బడి ఆవరణలోనో గుడి మండపంలోనో వారానికి రెండు ఉదయాలు పెద్దలంతా కలిసి చేసే కుర్చీ కసరత్తు, పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఒంటరిగా మొదలుపెట్టినవారు మానేసినంత సులువుగా నలుగురితో కలిసి చేసేవారు మానరు.

అంతకంటే ముందు మార్పు ఇంట్లో రావాలి. పెద్దవారి చేతిలోని బిందెను లాక్కోవడం గౌరవం అనుకున్నంత కాలం వారి కండను మనమే తరిగిస్తున్నట్టు లెక్క. వారు మోయగలిగినది మోయనివ్వాలి, లేవగలిగినప్పుడు లేవనివ్వాలి, తూలినప్పుడు పట్టుకోవడానికి పక్కన ఉండాలి, ఇంట్లో మొదటి గుడ్డూ చిక్కని పప్పూ పిల్లల పళ్లెంలోకే కాక వారి పళ్లెంలోకీ చేరాలి. ఎనభయ్యో ఏట ఎవరి సాయమూ లేకుండా మంచం దిగి, స్నానం చేసి, వీధి చివరి దాకా వెళ్లి రాగలగడం అదృష్టవంతులకు మాత్రమే దక్కే వరం కాదు. అరవయ్యో ఏట మొదలుపెట్టి, డెబ్బయ్యో ఏట కూడా మానని సాధనకు దక్కే ఫలితం.